సూదమ్మ అరవై ముడులు

అనగనగా ఒక అడవి. అడవి మధ్యలో ఒక వాగు. వాగు ఒడ్డున ఒక ఏరుమద్ది చెట్టు. మన కథ ఆ చెట్టు దగ్గరే మొదలవుతుంది కాబట్టి, ముందు దాని సంగతి చెబుతాను. కదలకుండా కూర్చోండి.

ఆ చెట్టును అందరూ ముడుల మద్ది అనేవాళ్లు. ప్రతి ఉగాదికీ అడవిలోని జంతువులన్నీ దాని కింద చేరేవి. వేపపువ్వూ, మామిడి ముక్కలూ, ఇప్పపువ్వూ కలిపి తలా కాస్త నోట్లో వేసుకునేవి. గుడ్లగూబ పంచాంగం చదివేది. ఆ తరువాత ఒక్కొక్కరే లేచి, ఈ ఏడాది తాము ఏం సాధించబోతున్నారో పదిమందిలో చెప్పేవాళ్లు. చెప్పగానే గంగులు అనే ముసలి కొండముచ్చు అడ్డతీగ నార ఒకటి తీసి, వాళ్ల పేరు మీద కొమ్మకు ముడి వేసేవాడు. అనుకున్నది సాధించినవాళ్లు మళ్లీ ఉగాదికి వచ్చి తమ ముడి తామే విప్పుకోవాలి. అదీ అక్కడి ఆచారం.

ఆచారం మంచిదే. కానీ ఎవరు మొదలుపెట్టారో ఏమో, ముడి ఎంత అందంగా ఉంటే పని అంత తొందరగా అవుతుందని ఒక నమ్మకం బయల్దేరింది. ఇంకేముంది, అందరి ధ్యాసా ముడి మీదికి పోయింది. ఒకరు పువ్వు ముడి కావాలనేవారు. ఇంకొకరు జడలాగా అల్లి ముడి వేయమనేవారు. గంగులుకు ఉగాది పూట తినడానికి కూడా తీరిక ఉండేది కాదు. ముడి పడగానే చప్పట్లు, కౌగిలింతలు, పని అయిపోయినంత సంబరం. ఆ పైన ఇంటికి వెళ్లి హాయిగా నిద్ర.

భల్లయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. సంతలో తేనె అంగడి పెడతానని నాలుగేళ్లుగా నాలుగు ముడులు వేయించాడు. అమ్మాల్సిన తేనె దారిలోనే నాకేసేవాడు. ఒక కుందేలు రోజూ తెల్లవారకముందే లేచి గుట్ట దాకా పరిగెత్తి వస్తానని చెప్పింది. రెండు రోజులు పరిగెత్తింది. మూడో రోజు మంచు పడుతోందంది. నాలుగో రోజు ఏమీ అనలేదు, లేస్తేగా అనడానికి.

నవ్వకండి. జనవరి ఒకటో తారీఖున ఫ్రిజ్ తలుపు మీద రంగురంగుల టైంటేబుల్ అంటించింది ఎవరో నాకు తెలుసు. అది ఇప్పుడు ఎక్కడుందో కూడా తెలుసు. దాన్ని వెనక్కి తిప్పి నేను సరుకుల చీటీ రాసుకున్నాను.

సరే, కథలోకి వద్దాం. ఆ అడవిలో సూదమ్మ అని ఒక ముళ్లపంది ఉండేది. ఆమెకు ఇద్దరు పిల్లలు, పెద్దసూది, చిన్నసూది. వాగు ఒడ్డున మెత్తటి మట్టిలో వాళ్ల బొరియ. సూదమ్మ దుంపలు తవ్వి, వారం వారం జరిగే సంతకు తీసుకెళ్లి, వాటికి బదులు పండ్లూ గింజలూ తెచ్చుకునేది. ఆమె దుంపలకు మంచి పేరుంది. కానీ సంతలో ఆమెకంటూ ఒక చోటు లేదు. ఎండలో ఒక మూల కూర్చునేది.

సూదమ్మకూ మద్ది చెట్టు మీద ముడులున్నాయి. గుట్ట మీద ఇల్లు కట్టాలని మూడేళ్లలో మూడు. ఎందుకంటే వానాకాలం వస్తే వాగు పొంగుతుంది, ఒడ్డున ఉన్న బొరియలోకి నీళ్లొస్తాయి. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి కూడా మూడేళ్లూ ముడి వేయించి ఊరుకుంది. పోయినేడు నీళ్లు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. చిన్నసూది కొట్టుకుపోయింది. దారిలో ఒక వేరు దొరికి, దాన్ని నోటితో కరిచిపట్టుకుని బతికింది. అప్పటినుంచి ఎక్కడ ఉరుము వినబడినా ఆ పిల్ల ఒంటి మీద ముళ్లన్నీ గలగలలాడేవి.

ఈ ఉగాదికి సూదమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని చెట్టు కిందికి వచ్చింది. గుడ్లగూబ పంచాంగం చదువుతూ, ఈసారి మృగశిర కార్తెకే వానలు మొదలవుతాయని చెప్పింది. ఆ మాట విని చిన్నసూది తల్లి పక్కకు జరిగింది.

"అమ్మా, వాన ఎప్పుడొస్తుంది?" అని మెల్లగా అడిగింది.

"మృగశిరకు అన్నారుగా. ఇంకా డెబ్బై రోజులుంది."

"అప్పటికి మనం ఎక్కడుంటాం?"

సూదమ్మ తలెత్తి కొమ్మ వైపు చూసింది. తన మూడు ముడులూ అక్కడే ఉన్నాయి, ఎండి, గట్టిపడి. వాటిని చూస్తే ఆమెకు సిగ్గేసింది.

ఇంతలో ఆమె వంతు వచ్చింది. ఈసారి ఎలాంటి ముడి వేయమంటావని గంగులు అడిగాడు. సూదమ్మ మనసులో లెక్క వేసుకుంటోంది. గుట్ట నేల గట్టి మొరం. రోజంతా గోళ్లు అరగదీసినా ఒక జానెడు కంటే దిగదు. వాన చుక్క లోపలికి రాని ఇల్లు కావాలంటే అరవై జానలు తవ్వాలి.

"పెద్ద ముడి వద్దు మావా. పొడుగ్గా ఒక నార ఇవ్వు. దాని మీద అరవై చిన్న ముడులు వెయ్యి. రోజుకు ఒక జాన తవ్వుతాను. తవ్వాక ఒక ముడి విప్పుతాను. నారను నేను ఇంటికి తీసుకెళతాను."

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. చెట్టుకు కట్టాల్సిన ముడిని ఇంటికి తీసుకెళ్లడమేమిటని కుందేలు అడిగింది. ఇలాంటి పిల్ల ముడులతో పెద్ద పనులు అవుతాయా అని భల్లయ్య మూతి విరిచాడు. గంగులుకు కూడా నచ్చలేదు. తన చేతి పనితనం చూపించే అవకాశం పోయింది మరి.

"చెట్టుకు కడితేనే ఫలితం అమ్మాయ్. మీ అత్త కాలం నుంచీ చూస్తున్నావుగా" అన్నాడు.

"చెట్టుకు కడితే చెట్టు మోస్తుంది మావా. మూడేళ్లు మోసింది. ఈసారి నేను మోస్తాను" అంది సూదమ్మ.

గంగులు గొణుక్కుంటూనే అరవై ముడులూ వేశాడు. సూదమ్మ ఆ నారను మెడలో వేసుకుని ఇంటికి వెళ్లింది. ఆమెకు మనసులో ఇంకో కోరిక కూడా ఉంది. సంతలో ఇప్పచెట్టు నీడన తనకంటూ ఒక దుంపల అంగడి పెట్టుకోవాలి. కానీ దానికి ముడి వేయించలేదు. ముందు ఇల్లు, తరువాతే అంగడి అని గట్టిగా అనుకుంది.

మర్నాడు పొద్దున్నే గుట్ట ఎక్కింది. గోళ్లతో గీరింది, పళ్లతో రాళ్లు పెకిలించింది. సాయంత్రానికి ఒక జాన గుంట అయింది. నార తీసి మొదటి ముడి విప్పింది. చూడటానికి ఏమంత గొప్పగా లేదు. ఒక నిమ్మకాయను దాచుకోవచ్చు, అంతే. అయినా ఆ రోజు ఆమెకు బాగా నిద్ర పట్టింది.

రెండో రోజు రెండో ముడి. మూడో రోజు మూడోది. పదిహేడు రోజులకు పదిహేడు ముడులు విడిపోయాయి.

పద్దెనిమిదో రోజున ఒక బండరాయి అడ్డొచ్చింది. ఎంత గీరినా పొడి కూడా రాలలేదు. మర్నాడూ అంతే. మూడో రోజు ఒక గోరు విరిగింది. ఆ దారినే పోతున్న గంగులు ఆగి, లోపలికి తొంగిచూశాడు. ఆమెను చూస్తే జాలేసింది.

"మూడు రోజుల నుంచీ కష్టపడుతున్నావు కదా. మూడు ముడులు విప్పేసుకో. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు.

"వాన చూస్తుంది మావా" అంది సూదమ్మ, రాతి మీది నుంచి తల తిప్పకుండానే.

నాలుగో రోజు ఆమె గీరడం మానేసింది. రాయి చుట్టూ తిరిగి, ఎక్కడ మట్టి మెత్తగా ఉందో ముక్కుతో వాసన చూస్తూ వెతికింది. ఎడమ పక్కన సందు దొరికింది. అటు తిప్పి తవ్వింది. రాయిని దాటేసరికి మొత్తం ఏడు రోజులు పోయాయి. ముడి ఒక్కటీ విప్పలేదు. ఎనిమిదో రోజు నుంచి మళ్లీ రోజుకొకటి. మధ్యలో చిన్నసూదికి జ్వరం వచ్చింది. పిల్ల నుదుటి మీద తడి ఆకు వేస్తూ రెండు రోజులు ఇంటి పట్టునే ఉండిపోయింది. ఆ రెండు రోజులూ నార జోలికి పోలేదు. మూడో రోజు పొద్దున మళ్లీ గుట్ట ఎక్కింది.

ఇలా నలభై రోజులు గడిచాయి. విప్పినవి ముప్పై ఒకటి. మిగిలినవి ఇరవై తొమ్మిది. మృగశిరకు ఉన్నవి ముప్పై రోజులు. అంటే చేతిలో ఒకే ఒక్క రోజు వెసులుబాటు ఉంది.

సరిగ్గా అప్పుడే జవ్వాది వచ్చింది. జవ్వాది అంటే పునుగుపిల్లి. సంతకు ఆమే పెద్ద. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆమే చెప్పాలి. ఆమె వస్తుంటే నాలుగడుగుల ముందే సువాసన వచ్చేది. మాట కూడా అలాగే ఉండేది.

"సూదమ్మా, నీ పంట పండిందే. అడవిపందుల ఇంట పెళ్లి. నలభై బుట్టల దుంపలు కావాలట. నీ దుంపలే కావాలని పట్టుబట్టారు. పన్నెండు రోజుల్లో ఇచ్చెయ్యి. సంతలో ఇప్పచెట్టు నీడ ఇక నీదే. ఎప్పటికీ నీదే."

ఇప్పచెట్టు నీడ. సూదమ్మకు ఎన్నేళ్ల కోరిక. అడక్కుండా గుమ్మం ముందుకు వచ్చింది. కానీ నలభై బుట్టలంటే పన్నెండు రోజులూ పొద్దున్నించి సాయంత్రం దాకా వాగు ఒడ్డునే తవ్వాలి. గుట్ట వైపు కన్నెత్తి చూడటానికి ఉండదు.

రోజూ పని అయ్యాక దొరికిన దుంపలు ఇస్తానని, అయిదారు బుట్టలు అవుతాయని చెప్పి చూసింది. జవ్వాది ఒప్పుకోలేదు. ఇస్తే నలభై, లేకపోతే లేదంది. ఇల్లు ఎక్కడికి పోతుంది, పెళ్లయ్యాక తవ్వుకోవచ్చుగా అని కూడా అంది. నిజమే, వినడానికి సబబుగానే ఉంది. పన్నెండు రోజులే కదా.

సూదమ్మ మెడలోని నారను పట్టుకుని ముడులు తడిమింది. ఒక్కొక్కటీ చేతికి తగిలింది.

"జవ్వాదక్కా, ఆ చోటంటే నాకెంత ఇష్టమో నీకు తెలుసు. కానీ పన్నెండు రోజులు పోతే మళ్లీ నాకు రావు. పిల్ల వానకు వణుకుతుంది. ముందు ఇల్లు."

జవ్వాదికి కోపం వచ్చింది. వచ్చిన అదృష్టాన్ని కాలదన్నుకుంటున్నావని అనేసి వెళ్లిపోయింది. ఆ పని పందికొక్కుకు ఇచ్చింది. పందికొక్కు ఒడ్డునే తవ్వి తవ్వి నలభై బుట్టలూ ఇచ్చాడు. ఇప్పచెట్టు నీడ అతనిదైంది.

జవ్వాది వచ్చి వెళ్లిన రోజు సూదమ్మ ఏడ్చింది. ఎందుకు దాచాలి, వెక్కి వెక్కి ఏడ్చింది. తరువాత కళ్లు తుడుచుకుని గుట్ట ఎక్కి, ఒక జాన తవ్వి, ఒక ముడి విప్పి, ఇంటికి వచ్చింది. అలాగే ఇంకో పందొమ్మిది రోజులు గడిచాయి. నార మీద తొమ్మిది ముడులు మిగిలాయి. మృగశిరకు ఇంకా పది రోజులుంది.

వాన అంతవరకూ ఆగలేదు.

పంచాంగంలో ఏముందో వాన చదువుకుని వస్తుందా ఏమిటి. ఆ మర్నాడు మధ్యాహ్నం మబ్బులు కమ్మాయి. గాలి లేచింది. చిన్నసూది ముళ్లు గలగలలాడటం మొదలుపెట్టాయి. సూదమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. పిల్లలిద్దరినీ ముందు పెట్టుకుని గుట్ట ఎక్కించింది. యాభై ఒక్క జానల బొరియలోకి తోసి, తను వెనకే దూరింది. అప్పుడు పడింది వాన.

ఎంతసేపు కురిసిందో తెలియదు కానీ వాగు మాత్రం ఒడ్డు దాటింది. ఒడ్డున ఉన్న బొరియలు నిండిపోయాయి. పందికొక్కు తవ్విన గోతుల వల్ల ఒడ్డు ముందే గుల్లబారి ఉంది. అది పెళ్లలు పెళ్లలుగా విరిగిపడింది. ఎవరికి దొరికిన దారిన వాళ్లు గుట్ట మీదికి పరిగెత్తారు. గుట్ట మీద తల దాచుకోవడానికి ఉన్నది ఒకే ఒక్క ఇల్లు.

ముందుగా కుందేలు వచ్చింది. గుట్ట దాకా పరిగెత్తడం ఎట్టకేలకు ఆ రోజు కుదిరింది. దాని వెనక ముంగిస, ఉడుము. తడిసి ముద్దయిన పందికొక్కు. తోక ఈడ్చుకుంటూ గంగులు. చివరికి జవ్వాది కూడా వచ్చింది, కానీ గుమ్మం బయటే ఆగిపోయింది. లోపలికి రానిమ్మని అడగడానికి ఆమెకు ముఖం చెల్లలేదు.

"లోపలికి రా అక్కా, తడుస్తున్నావు" అంది సూదమ్మ. అంతకు మించి ఏమీ అనలేదు.

ఇక భల్లయ్య. అతను ఆ బొరియలో ఎలా పడతాడు చెప్పండి. తల పట్టింది, భుజాలు పట్టలేదు. చివరికి వెనక్కి తిరిగి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. ఆ ఇంటికి తలుపు లేదన్న లోటు తీరిపోయింది.

కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండి, ఒక్కసారి కేక వేశాడు. అందరూ అతని చంకల సందుల్లోంచి తొంగిచూశారు. కింద ముడుల మద్ది వాలిపోతోంది. ఒడ్డు జారి, వేళ్లు తేలి, మెల్లగా ఒరిగి వాగులో పడింది. ఏళ్ల తరబడి వేసిన ముడులన్నీ దాని కొమ్మల మీదే ఉన్నాయి. పువ్వు ముడులు, జడ ముడులు, ఒక్కటీ విప్పనివి. నీళ్లు వాటన్నిటినీ తీసుకుని వెళ్లిపోయాయి.

"నా నాలుగు ముడులు" అన్నాడు భల్లయ్య.

గంగులు ముఖం మీద చేతులు పెట్టుకున్నాడు. జీవితమంతా వేసిన ముడులవి. అడవి మొత్తం కోరికలు వాటితోనే పోయాయని ఏడ్చాడు. అతన్ని చూసి కుందేలు ఏడ్చింది, కుందేలును చూసి పందికొక్కు ఏడ్చాడు. ఇంతలో ఒక మూల నుంచి నీళ్లు కారడం మొదలైంది. బొరియ చివర ఇంకా పల్లంగానే ఉంది. మిగిలిన తొమ్మిది జానలూ అక్కడి నుంచి పైకి ఎత్తి తవ్వాల్సినవి. అలా తవ్వితేనే లోపలికి చేరిన నీళ్లు కింద ఆగి, పై గది పొడిగా ఉంటుంది.

సూదమ్మ మెడలోంచి నార తీసి అందరి ముందూ పెట్టింది.

"ఏడుపు తరువాత ఏడుద్దాం. ఇక్కడ తొమ్మిది ముడులున్నాయి. ఒక జాన తవ్వినవాళ్లు ఒక ముడి విప్పాలి. తవ్వకుండా మాత్రం ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ముందు ఎవరు?"

పందికొక్కు ముందుకు జరిగాడు. తవ్వడం అతనికి కొత్త కాదు. ఒక జాన తవ్వి, నార దగ్గరికి వచ్చి, ముడి విప్పాడు. విప్పి ఆ చోటును అలా చూస్తూ ఉండిపోయాడు. తరువాత ముంగిస. తరువాత ఉడుము. కుందేలు అలిసిపోయి రెండుసార్లు కూర్చుంది, అయినా లేచి తన జాన పూర్తి చేసింది. జవ్వాది మట్టి పని ఏనాడూ చేసినది కాదు. ఆమె సువాసన ఆ రోజు మట్టి వాసనలో కలిసిపోయింది. గంగులుకు తన ముడిని విప్పడానికే చాలాసేపు పట్టింది. ముడులు వేయడమే కానీ విప్పడం అతనికి అలవాటు లేదు.

తలుపుగా కూర్చున్న భల్లయ్య తనకూ ఒక ముడి కావాలని గోల పెట్టాడు. కూర్చున్న చోటి నుంచే చెయ్యి వెనక్కి పెట్టి, లోపలి నుంచి వస్తున్న మట్టిని బయటికి ఎత్తిపోశాడు. అదీ పనే కదా అని సూదమ్మ ఒక ముడి అతనికీ ఇచ్చింది. దాని తాలూకు జాన తనే తవ్వింది. మిగిలిన రెండూ కూడా తనే తవ్వింది, విప్పింది.

తెల్లారేసరికి పై గది అయింది. కింద నీళ్లు చేరాయి, పైన పొడిగా ఉంది. ఆ గదిలో అందరూ ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు. ముళ్లపందిని ఆనుకుని పడుకోవడం ఎంత కష్టమో కుందేలును అడగాలి.

వాగు తగ్గాక చూస్తే, సంత జరిగే చోట మోకాలి లోతు బురద. ఇప్పచెట్టు కింద నీడ ఉంది కానీ నిలబడటానికి నేల లేదు. సంతను గుట్ట వాలుకు మార్చారు. ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పే రోజున జవ్వాది ముందుగా సూదమ్మ దగ్గరికి వచ్చి, నీకు ఏ చోటు కావాలో నువ్వే చెప్పమంది. సూదమ్మ తన గుమ్మం పక్కనే చూపించింది. అయినా అంగడి అంత తేలిగ్గా నడవలేదు. గుట్ట మీద దుంపలు తక్కువ. ఆమె ఇంకో నార తెచ్చుకుంది. రోజుకు ఒక గంప అని, నూరు ముడులు వేసుకుంది. ఈసారి తనే వేసుకుంది.

మళ్లీ ఉగాది వచ్చింది. చెట్టు లేదు కాబట్టి అందరూ సూదమ్మ ఇంటి ముందు చేరారు. వేపపువ్వు నోట్లో వేసుకున్నారు. గంగులు నార కట్టలు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఎలాంటి ముడి కావాలని ఈసారి ఎవర్నీ అడగలేదు. రోజుకు ఎంత, ఎన్ని రోజులు అని అడిగి, అన్ని ముడులు వేసి, నార వాళ్ల చేతికే ఇచ్చాడు. భల్లయ్య తేనె అంగడికి అప్పటికే సంతకొకటి చొప్పున ఇరవై ముడుల నార ఉంది. నాలుగు నెలల నుంచీ విప్పుతున్నాడు, ఇంకా ఏడు మిగిలాయి. మధ్యమధ్య నాలుక తేనె మీదికి జారుతూనే ఉంది. అయితే జారిన రోజు ముడి విప్పడం లేదు. అది చాలు.

సూదమ్మ మెడలోంచి పాత నార తీసింది. దాని మీద ఒక్క ముడి కూడా లేదు. అరిగి, నున్నగా ఉంది. చిన్నసూది దాన్ని తీసుకుని గుమ్మం దగ్గరి చెట్టు కొమ్మకు ఉయ్యాల కట్టించుకుంది. ఊగుతూ ఊగుతూ తల్లిని పిలిచింది.

"అమ్మా, వాన ఎప్పుడొస్తుంది?"

సూదమ్మ గబుక్కున పిల్ల వైపు తిరిగి చూసింది. పిల్ల ఒంటి మీద ముళ్లు కదలడం లేదు.

"ఎందుకమ్మా?"

"పైనుంచి చూద్దామని" అంది చిన్నసూది, ఇంకాస్త గట్టిగా ఊగుతూ.

నీతి: అనుకున్నది పదిమందిలో చెప్పి ఊరుకుంటే అది కోరికగానే ఉండిపోతుంది, దాన్ని రోజుల వారీగా పంచుకుని, ఏ రోజు వంతు ఆ రోజు నిజంగా చేసినవాళ్లకే అది చేతికందుతుంది.